ఉప్పునేల, మంచినీరు, జీవకణము

సంతబొమ్మాళి ప్రాంతపు గ్రామములలో ఉప్పునకును మంచినీటికిని నిత్యము పోటీ జరుగుచుండును. నౌపడ మడులలో సముద్రపు నీరు ఎండి ఉప్పగుచున్నది. ఆ మడులకు అనతి దూరముననే వరిచేలు, కొబ్బరితోటలు ఉన్నవి. భావనపాడు తీరమున మత్స్యకారులు చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టుదురు. ఉత్తరముగా పోయినచో ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలు. ఆ తోటల నడుమ మూత్రపిండముల వ్యాధితో బాధపడు కుటుంబములు. వీటన్నిటికిని సంబంధించిన తీర్మానములు ఏదో ఒక రూపమున పంచాయతీ సమావేశము ముందునకు వచ్చుచునే యుండును. ఏ బావి నీరు త్రాగదగినది? మురుగు కాలువ ముందు త్రవ్వించవలెనా, రోడ్డు ముందు వేయించవలెనా? ట్యాంకులో బ్లీచింగు పొడి కలిపిన పిదప ఎంతసేపు ఆగవలెను?

ఈ ప్రశ్నలకు వేరువేరు శాఖలవారు వేరువేరు సమాధానములు చెప్పుదురు. కాని ఆ సమాధానము లన్నిటికిని మూలమైన విషయ మొక్కటి కలదు. అది జీవకణము, ముఖ్యముగా దానిని చుట్టియున్న సన్నని పొర. ఆ పొర దేనిని లోనికి రానిచ్చును, దేనిని ఆపును, దేనిని శ్రమపడి వెలుపలికి నెట్టును అను సంగతిని తెలిసికొన్నచో, పైప్రశ్నలలో చాలవాటికి జవాబు మనకే స్ఫురించును. అందుచేత ఆ సంగతిని సులభముగా వివరింప సంకల్పించితిమి.

జీవకణ మనగా నేమి?

ఇల్లు ఇటుకలతో కట్టబడినట్లు, చెట్టుగాని, చేపగాని, మనుష్యుడుగాని జీవకణములతో నిర్మింపబడి యుండును. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెండుముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తేనెపట్టు గదులవంటి గదులను చూచి, వాటికి ఈ పేరు పెట్టెను. 1838-39 సంవత్సరములలో ష్లైడెన్, ష్వాన్ అను జర్మను శాస్త్రజ్ఞులు వృక్షములును జంతువులును కూడ కణనిర్మితములే యని సిద్ధాంతీకరించిరి.

కణము మిక్కిలి చిన్నది. మన నెత్తురులోని ఎఱ్ఱకణములను నూటముప్పదింటిని ప్రక్కప్రక్కన పేర్చినచో సుమారు ఒక మిల్లీమీటరు పొడవు వచ్చును. అయినను కణములో ఒక చిన్న గ్రామమునకు వలసిన ఏర్పాటు లన్నియు కలవు. నడుమ కేంద్రకము, కణము ఏ పని ఎట్లు చేయవలెనో తెలుపు ఆజ్ఞలన్నియు అందు భద్రపరుపబడి యుండును. మైటోకాండ్రియా లను చిన్న భాగములు ఆహారమును, ప్రాణవాయువును వినియోగించి శక్తిని తయారుచేయును. రైబోజోములు మాంసకృత్తులను నిర్మించును. ఆకులలోని కణములయందు హరితరేణువులు సూర్యరశ్మిని పట్టి ఆహారమును వండును. మొక్కల కణములకు పొర వెలుపల గట్టి గోడ యొకటి అదనముగా నుండును. జంతువుల కణములకు ఆ గోడ లేదు. ఈ భేదము ఎంత ముఖ్యమైనదో ముందు తెలియగలదు.

పొర యొక్క నిర్మాణము

కణమును చుట్టియున్న పొర మందము మిల్లీమీటరులో లక్షవంతు కంటెను తక్కువ. అది క్రొవ్వు జాతి పదార్థముతో రెండు వరుసలుగా అమరియుండును. ఆ పదార్థపు ప్రతి అణువునకు నీటిని కోరు తల యొకటి, నీటిని ఒల్లని తోకలు రెండు ఉండును. తలలు లోపలి నీటివైపు, వెలుపలి నీటివైపు తిరిగియుండగా, తోకలు నడుమ దాగియుండును. రెండు వరుసల సంగతిని 1925లో హాలెండు దేశమున గోర్టర్, గ్రెండెల్ అనువారు కనుగొనిరి. ఈ క్రొవ్వు వరుసలు గట్టి పలకలు కావనియు, నూనెవలె కదలుచుండుననియు, వాటిలో మాంసకృత్తులు తేలుచున్నట్లు అమరియుండుననియు 1972లో సింగర్, నికల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు వివరించిరి.

నూనె, నీరు కలియవని గృహిణులకు చెప్పనక్కరలేదు. నీటిలో కరగిన ఉప్పు, చక్కెర వంటి పదార్థములు ఈ నూనెపొరను తమంతట తాము దాటజాలవు. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు వంటివి సులభముగా దాటును. మిగిలిన వాటికి పొరలోని మాంసకృత్తులే ద్వారములు. నీటికి వేరొక ద్వారము, సోడియమునకు వేరొకటి, చక్కెరకు వేరొకటి. నీటి ద్వారమును 1992లో గుర్తించిన పీటర్ ఏగ్రీకి 2003లో నోబెల్ బహుమానము లభించినది.

తూము వంటి మార్గము

చెరువు తూము ఎత్తినచో నీరు పల్లమునకు తానై పారును, ఎవరును తోడనక్కరలేదు. కణములోనికి పదార్థములు పోవు మొదటి మార్గ మిట్టిదే. ఏ పదార్థమైనను ఎక్కువగా నున్నచోటి నుండి తక్కువగా నున్నచోటికి వ్యాపించును. సంపెంగ పూవు ఇంటిలో నొక మూల నుండగా పరిమళము ఇల్లంతయు వ్యాపించుట చూచుచునే యున్నాము. దీనిని విసరణ మందురు.

నీటి విషయమున ఇది మరియొక రూపమున జరుగును. పొరకు ఒకవైపు ఉప్పు ఎక్కువగా, రెండవవైపు తక్కువగా నున్నప్పుడు, ఉప్పు పొరను దాటలేదు గనుక నీరే దాటును. తక్కువ ఉప్పుగల వైపునుండి ఎక్కువ ఉప్పుగల వైపునకు పోవును. దీనికి ద్రవాభిసరణ మని పేరు. ఇది వంటయింటిలో ప్రతిదినము జరుగుచున్నది. మామిడికాయ ముక్కలలో ఉప్పు వేసినచో మరునాటికి ఊట దిగును. ముక్కల కణములలోని నీరు ఉప్పువైపునకు వచ్చుటయే దానికి కారణము. శనగలు మంచినీటిలో నానినచో ఉబ్బును. నీరు లోనికి పోవుటయే కారణము. ఉప్పు పట్టించిన చేప త్వరగా చెడకుండుటకు కూడ ఇదియే హేతువు. ఉప్పు చేపలోని నీటిని లాగివేయుటయే గాక, దానిమీద పడిన సూక్ష్మజీవుల కణములనుండి కూడ నీటిని లాగి వాటిని పెరుగనీయదు.

మన ఎఱ్ఱకణములను ఉప్పులేని నీటిలో వేసినచో నీరు లోనికి చొరబడి అవి ఉబ్బి పగిలిపోవును. వాటికి మొక్కల కణములవలె వెలుపలి గోడ లేదు గదా! అందుచేతనే ఆసుపత్రిలో నరములోనికి ఎక్కించు సెలైను నీటిలో లీటరునకు 9 గ్రాముల ఉప్పు కలుపుదురు. అది నెత్తురుతో సమానము. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు లుండును. అంత ఉప్పును వెలుపలికి పంపుటకు మూత్రపిండములు త్రాగిన నీటికంటె ఎక్కువ నీటిని వెచ్చింపవలసి వచ్చును. సముద్రపు నీరు త్రాగినవానికి దప్పిక హెచ్చుటకు కారణ మిదియే.

పొలములో జరుగునది

వేరు చివరనుండు నూగువంటి కణములలో నేలలోని నీటికంటె ఎక్కువ లవణము లుండును గనుక నీరు వేరులోనికి పోవుచుండును. తుపాను సమయమున గాని, పోటునకు గట్టు తెగినప్పుడు గాని, ఉప్పునీరు పొలములోనికి ఎక్కినచో ఈ వరుస తారుమారగును. మడిలో తడి యున్నను మొక్క దానిని పీల్చుకొనలేదు. ఆకు చివరలు మాడును. తడిలోనే మొక్క దప్పికతో చచ్చుచున్నదన్నమాట. వరి నారుదశయందును, పూతదశయందును ఉప్పునకు మిక్కిలి లోనగును. లేత కొబ్బరిమొక్క మొదట యూరియా కుప్పగా పోసినప్పుడు మొక్క మాడుట కూడ ఇట్టిదే. ఎరువు మంచిదే, కాని ఒకచోట చిక్కగా నున్నప్పుడు వేరులోని నీటిని అది లాగివేయును. ఎరువును మొదలుకు దూరముగా, చుట్టును పలుచగా చల్లి నీరు పెట్టవలెను.

ఉప్పెక్కిన నేలకు చికిత్స కూడ ఈ సూత్రమునుండియే వచ్చినది. గట్లు వేసి, వాన నీటిని మడిలో నిలువగట్టి, ఉప్పు కరగిన పిదప ఆ నీటిని మురుగు కాలువలోనికి వదలవలెను. ఇట్లు పలుమారులు కడిగినచో నేల తేరుకొనును. ఉప్పును కొంతవరకు ఓర్చుకొను జీలుగను పచ్చిరొట్టగా వేసి దున్నుట మేలు. అయితే కడిగిన నీరు పోవుటకు కాలువ లేనిచో ఎంత వాన కురిసినను ప్రయోజనము లేదు. ఉప్పు మరల ఆ నేలలోనికే దిగును.

ఏతము వంటి మార్గము

పల్లపు నీటిని మెరకకు ఎక్కించుటకు ఏతము తొక్కవలెను, శ్రమ తప్పదు. కణము కూడ అనేక పదార్థములను ఎదురెక్కించవలసి యుండును. మన కణములలో పొటాషియము ఎక్కువ, సోడియము తక్కువ. వెలుపల దీనికి విపర్యము. ఈ భేదము చెడినచో నరములు సందేశములను మోయజాలవు, గుండె కొట్టుకొనదు. దీనిని నిలుపుటకు పొరలో ఏతముల వంటి మాంసకృత్తులు కలవు. ఒక్కొక్క తొక్కుడునకు మూడు సోడియము అయానులను వెలుపలికి తోడి, రెండు పొటాషియము అయానులను లోనికి తెచ్చును. దీనిని 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ కనుగొని, అందులకై 1997లో నోబెల్ బహుమానము పొందెను. మనము ఊరకే పరుండియున్నప్పుడు శరీరము ఖర్చుచేయు శక్తిలో సుమారు అయిదింట ఒక వంతు ఈ ఏతముల పనికే చెల్లుచున్నది.

ఈ ఏతము తొక్కు శక్తి ఎక్కడనుండి వచ్చును? ఎ.టి.పి. అను పదార్థమునుండి. కణము ఆహారమునుండి సంపాదించిన శక్తిని ఈ పదార్థ రూపమున చేతిలో నుంచుకొని, అవసరము వచ్చినప్పుడు వెచ్చించును. దీనిని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కుతో కలిసి ఆయన ఈ పరిశోధన చేసెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ వేరుగా దీనిని కనుగొనెను. ప్రతి జీవకణపు పొరయందును ప్రతి క్షణమును ఖర్చగుచున్న ఈ పదార్థమును లోకమునకు ఎరిగించినవారిలో ఒక తెలుగువా డుండుట మన కందరకును గర్వకారణము.

ఎ.టి.పి.ని తగినంత తయారుచేయుటకు ప్రాణవాయువు కావలెను. కొబ్బరితోటలో నీరు వారముల తరబడి నిలిచినచో వేళ్లకు గాలి అందదు, ఏతము ఆగును, ఎరువు నేలలోనే యున్నను లోనికి పోదు, మట్టలు పసుపుబారును. వరికి కాండమునుండి వేరువరకు గాలిగొట్టములు కలవు గనుక అది నీటిలో నిలువగలదు. కొబ్బరికి అట్టి వసతి లేదు. మురుగు కాలువ పూడిక తీయించుట ఎరువు వేయుటకంటె ముందు చేయవలసిన పని యనుటకు కారణ మిది.

పెద్ద పదార్థములకు మూడవ మార్గ మొకటి కలదు. పొర సంచివలె లోనికి ముడుచుకొని, ఆ పదార్థమును చుట్టివేసి మ్రింగును. నెత్తురులోని తెల్లకణములు రోగక్రిములను ఇట్లే మ్రింగి మనలను కాపాడుచున్నవి.

ఉప్పు, చక్కెర కలిపిన నీటి మహిమ

కలరా క్రిములు ప్రేవులలో ఒక విషమును విడుచును. ఈ సంగతిని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే రుజువు చేసెను. ఆ విషమువలన ప్రేవుల కణములలోని క్లోరైడు ద్వారములు తెరచుకొనిపోవును. క్లోరైడు వెంట సోడియము, వాటి వెంట నీరు ప్రేవులలోనికి కారిపోవును. అతిసారమున ప్రాణము తీయునది ఈ నీటి నష్టమే. వట్టి నీరు త్రాగించినచో అది కూడ చాలవరకు నిలువదు.

అయితే ఆ కణములలో వేరొక ద్వారము చెడకుండ నుండును. అది జంట ద్వారము. సోడియము, గ్లూకోజు రెండును కలిసి వచ్చినప్పుడే తెరచుకొనును. వాటిని అనుసరించి నీరు లోనికి పోవును. ఈ జంట ప్రయాణమును 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములలో కలరా చెలరేగినప్పుడు, పశ్చిమ బెంగాలులోని బనగావ్‌లో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి అనేకుల ప్రాణములు నిలిపెను. నేడు ఆశా కార్యకర్తల వద్ద లభించు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఇదియే.

ఇందు పాళ్లు ముఖ్యము. లీటరు పొట్లమును లీటరు శుభ్రమైన నీటిలోనే కలుపవలెను. నీరు తగ్గించినను, రుచికై చక్కెర పెంచినను, ప్రేవులలోని ద్రవము చిక్కబడి, పైన చెప్పిన ద్రవాభిసరణమువలన నీటిని శరీరమునుండి ఇంకను లాగును. పొట్లము దొరకనప్పుడు లీటరు నీటిలో ఆరు సమపు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు, రోగిని ఆరోగ్య కేంద్రమునకు చేర్చవలెను.

బ్లీచింగు పొడి చేయు పని

బ్లీచింగు పొడి నీటిలో కలిసినప్పుడు ఒక ఆమ్లము పుట్టును. ఆ ఆమ్లమునకు విద్యుదావేశము లేనందున అది క్రిముల పొరను సులభముగా దాటి, లోపలి మాంసకృత్తులను నాశనము చేయును. ఈ పని జరుగుటకు వ్యవధి కావలెను. కనీసము అరగంట ఆగిన పిదపనే నీటిని వదలవలెను. కొళాయి చివర కూడ లీటరునకు 0.2 మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలె నని భారతీయ ప్రమాణము. నీరు బురదగా నున్నచో క్లోరిను ఆ బురదకే ఖర్చగును, క్రిములకు మిగులదు. ఎండలోను, తడిలోను విడిచిన పొడి సత్తువ కోల్పోవును. పొడిని మూతగల డబ్బాలో, నీడలో నుంచుట పంచాయతీ బాధ్యత.

మూత్రపిండములు

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల సూక్ష్మ నాళము లుండును. రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును నెత్తురునుండి వడగట్టి, అందులో లీటరు, లీటరున్నర మాత్రము మూత్రముగా విడిచి, మిగిలిన దానిని తిరిగి నెత్తురులోనికి చేర్చును. ఈ తిరిగి చేర్చు పని యంతయు నాళముల కణపొరలలోని ద్వారములు, ఏతములు చేయునదే. ఇంత శ్రమపడు కణములు గనుక అవి సులభముగా దెబ్బతినును.

ఉద్దానమున కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో ఈ వ్యాధి ప్రబలముగా నున్నది. దీని మూలకారణము ఇంకను నిర్ధారణ కాలేదు. నీటిలోని పదార్థములు, ఎండలో పనిచేయునప్పుడు శరీరమున నీరు తగ్గుట, పురుగుమందులు, నొప్పిమాత్రలు మొదలగువానిని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, ఆసుపత్రి 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభింపబడినవి. అదే దినమున హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు వంశధార నీటిని తెచ్చు పథకము కూడ ప్రారంభమైనది.

డయాలిసిస్ చికిత్సయందు కూడ పొరయే ప్రధానము. సన్నని పొర కొకవైపు రోగి నెత్తురు, రెండవవైపు శుద్ధజలములో తగు పాళ్లలో లవణములు కలిపిన ద్రవము పారించుదురు. నెత్తురులోని మలినములు ఎక్కువవైపునుండి తక్కువవైపునకు పోవును. 1943లో హాలెండులో విలెమ్ కోల్ఫ్ దీనికై సెలోఫేను గొట్టమును ఉపయోగించెను. యంత్రము వారమునకు కొన్ని గంటలు చేయు పనిని సహజమైన మూత్రపిండము రేయింబవళ్లు చేయుచుండును. కనుక ఉన్న మూత్రపిండమును కాపాడుకొనుటయే ఉత్తమము.

నీటిశుద్ధి యంత్రము

గ్రామములలోని ఆర్.ఓ. యంత్రము ద్రవాభిసరణమును వెనుకకు త్రిప్పును. నీరు సహజముగా ఉప్పువైపునకు పోవును గదా. ఉప్పునీటిపై బలమైన ఒత్తిడి పెట్టినచో నీరు ఎదురు నడచి మంచినీటివైపు వచ్చును. 1960 ప్రాంతమున కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, భారతదేశమున జన్మించిన శ్రీనివాస శౌరిరాజన్ కలిసి దీనికి తగిన పొరను తయారుచేసిరి. అయితే ఉప్పు మాయము కాదు. విడిచిన నీటిలో మరింత చిక్కబడి యుండును. ఆ నీటిని త్రాగునీటి బావి ప్రక్కను, కొబ్బరి మొదళ్లలోను వదలినచో ఒకచోట తొలగించిన ఉప్పును మరియొకచోట పోసినట్లే యగును.

పంచాయతీలు చేయదగిన పనులు

గ్రామములోని ప్రతి త్రాగునీటి బావికి ఏటేట వేసవికి ముందును, వానల పిదపను నీటి పరీక్ష చేయించి, ఫలితమును అందరకును కనపడునట్లు వ్రాయించవలెను. కరగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించకుండుట మంచిది; వేరు ఆధారము లేనప్పుడు 2,000 వరకు అనుమతింతురు.

మురుగు కాలువల పూడికను, ఉప్పునీటి గట్ల గండ్లను వానలకు ముందే సరిచేయించవలెను. బ్లీచింగు పొడి నిలువను, ఓ.ఆర్.ఎస్. పొట్లముల నిలువను నెలకొకమారు సభ్యులు స్వయముగా చూడవలెను. ఆర్.ఓ. యంత్రము విడుచు నీటికి వేరుగా దారి చేయించవలెను.

ఉప్పు మడులలోను, జీడిపప్పు కార్ఖానాలలోను, తోటలలోను ఎండకు, వేడికి పనిచేయువారికి పనిచోటనే మంచినీరు, నీడ, నడుమ విశ్రాంతి లభించునట్లు యజమానులతో మాటలాడవలెను. వైద్యుడు వ్రాయనిదే నొప్పిమాత్రలు వాడవద్దని చాటింపు వేయించవలెను. ఈ మూత్రపిండ వ్యాధి తొలుత నొప్పి కలిగింపదు. నెత్తురులో క్రియాటినిను పరీక్ష చేసినగాని తెలియదు. కావున పెద్దవారందరును ఏటేట ఆ పరీక్ష చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తలతో కలిసి ఏర్పాటు చేయవలెను. ఇదివరకే వ్యాధి సోకినవారు మాత్రము నీరు, ఉప్పు, ఓ.ఆర్.ఎస్. విషయమున వైద్యుని మాటప్రకారమే నడచుకొనవలెను. ఆ పొట్లములో పొటాషియము కూడ నుండుటచే వారికి హాని కలుగవచ్చును.

ఈ పనులలో ఏదియు పెద్ద మొత్తము కోరునది కాదు. కాలువ పూడిక, డబ్బా మూత, అరగంట వ్యవధి, లీటరు కొలత వంటి చిన్న విషయములలో శ్రద్ధ వహించినచో, కంటికి కనపడని కోట్ల కణముల పని సాఫీగా సాగును. రాబోవు సమావేశపు కార్యక్రమములో త్రాగునీటి పరీక్షను మొదటి అంశముగా చేర్చుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.